వెచ్చబడేదాకా

అలిపిరి మలుపులో దొరికిందంట.
బీటు గార్డు మొగిలీశ్వర
సిమెంటు గోతాంలో చుట్టి, పైన చీటీ గుచ్చి తెచ్చినాడు:
పునుగుపిల్లి, మగది, మూడున్నర కిలోలు.
ఏ బండి తగిలిందో రాసి లేదు.

తోలు పక్క గదిలో పటిక నీళ్ళల్లో నానతా ఉండాది.
బల్ల మీద మిగిలింది
తోలు లేని ఒళ్ళు,
వానలో తడిసొచ్చి చొక్కా విప్పిన పిల్లోడంత.
విప్పినాకే కనపడింది,
ఎడమ పక్క ఒక ఎముక ఎప్పుడో విరిగి
వంకరగా అతుక్కునుండాది.
అడివిలో కట్టు కట్టేదెవరు?
దానంతట అదే, ఎన్ని రాత్రులు పట్టిందో.
కడుపులో నేరేడు గింజలు పదకొండు.

సబ్బు నురగ పూసినాను, వేలి కొసతో,
పక్కటెముకల సందుల్లో దాకా.
సగం లోతుకు బంకమన్ను పేర్చినాను.
మూతి మధ్య నుంచి, మెడ పక్కగా, తొడ మీదుగా
తోక మొదలు దాకా గీత.
అచ్చు యాడ విడిపోవాలో
పొయ్యకముందే ఒప్పుకోవాల.
మన్నులో నాలుగు చోట్ల గోళీతో గుంటలు నొక్కినాను,
పైచెక్క కిందచెక్కను
గుర్తుపట్టేదానికి.

మా నాయన కొర్లగుంటలో బొమ్మలు పోసేవాడు.
ప్లాస్టరాఫ్ పారిస్ సాములు.
ఒక్క అచ్చులో నుంచి నెలకు ఆరొందల మంది,
అందరికీ అదే నగవు.
ఏడేండ్లప్పుడు ఆ అచ్చు ముక్కు కాడ
నా గోరు గీరుకుంది.
ఆ గాటుతోనే ఆరొందల ఇండ్లల్లో
హారతి తీసుకున్నాడు సామి.
నాయనకు ఇప్పటికీ చెప్పలా.

ఆయన మాటలు నా చేతులకు తెలుసు.
నీళ్ళల్లో పిండి వెయ్యాల, పిండిలో నీళ్ళు కాదు.
తొందరపడి కలబెట్టొద్దు మే,
దీవులు తేలతాయి, మునిగేదాకా కాచుకో.
చెయ్యి లోపలుండంగానే వేళ్ళు ఆడించు.
బుడగ పడిందో,
లేని కురుపును ఉన్నట్టు చూపిస్తాది.

పోసేటప్పుడు పాలు.
కాసేపటికి పెరుగు. ఆనక సుద్ద.
ఎందుకు గట్టిపడతాదో వహీదా మేడం బోర్డు మీద రాసి చెప్పింది,
ఆ పొద్దు అర్థమైనట్టే ఉండింది.
నాకు నిలిచింది అరచేతికి తెలిసిందొక్కటే:
ఇరవై నిమిషాలకు
ఫ్రిజ్జులో నుంచి తీసిన ఆ ఒళ్ళు మీద
సుద్ద వెచ్చబడతాది.
జ్వరం దిగతా ఉండే బిడ్డ నుదురు మాదిరి.
ఉడుతలకు పోసినాను, ముంగిసకు పోసినాను,
ఆ నిమిషంలో చెయ్యి తియ్యబుద్ధి కాదు.

ఈ పొద్దు ఆ వేడికి
వాసన లేచింది.
కత్తికి దొరక్కుండా
యాడో ఒక చుక్క నిలిచిపొయ్యుంటాది.
మెల్లగా, బల్ల మీద నుంచి, గబ్బిలాల సొరుగుల మీదుగా,
ఫార్మలిన్ సీసాల వెనక దాకా
పునుగు.
శుక్రవారమని అప్పుడు గుర్తొచ్చింది.
కొండ మీద ఇదే వాసన
సామి ఒంటి మీదుంటాది ఈ పొద్దు.
ఈడ ఎవురూ గంట కొట్టలా.
వహీదా మేడం కిటికీ తెరవబొయ్యి
గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకుని
అట్నే నిలబడిపొయ్యింది.

రెండో చెక్క మధ్యాన్నం పోసినాను.
నాలుగింటికి ఉలి మొన పెట్టి తట్టితే
విడింది.
ఒళ్ళు తీసేసినాక లోపలంతా ఉల్టా:
ఎత్తుగా ఉన్నిందంతా పల్లం,
వెన్నెముక ఒక కాలవ.
ఆ వంకర ఎముక యాడుందో
కండ్లు మూసి వేలితో వెతికినాను. దొరికింది.
చీటీలో అది రాసేదానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసినాను.

సాయంత్రం షేరాటోలో
పక్కన కూచున్న పెద్దామె ముక్కెగబీల్చి
"కొండ దిగొస్తాండావా మే" అనింది.
"పెసాదం ఉంటే ఒక్క పలుకు పెట్టు."
గోళ్ళల్లో సుద్ద కనపడకుండా
పిడికిలి ముడుచుకుని,
సంచిలోకి చెయ్యి పెట్టి
శానా సేపు వెతికినాను.